గాలి బలంగా వీస్తే ఆగిపోయే గాలిమర

శనివారం ఉదయం 5.40కి కోయంబత్తూరు సింగానల్లూరులో తేని బస్సు ఎక్కాను. బోడినాయకనూరు దగ్గర మా చెల్లెలు రాజమ్మ పొలంలో ఒక గాలిమర ఉంది. గాలి బలంగా వీచినప్పుడల్లా అది ఆగిపోతోంది. జనరేటరు చెడిందని మెకానిక్కు తేల్చాడు. సోమవారం క్రేన్ తెచ్చి దింపుతారట. దింపితే ఈ గాలికాలం మొత్తం పోయినట్టే. మిల్లులో ఎలక్ట్రికల్ పని చూసినవాణ్ణి, ముందు ఒకసారి చూసి రావాలనుకున్నాను.

"కాత్తాడి చూసేదానికి ఇంత దూరమా అన్నా?" అని నవ్వింది పక్కసీటు పెద్దావిడ. గాలిమరను ఇక్కడ అలాగే అంటారు.

ఏ ఊరు ఎప్పుడు దాటామో అలవాటు ప్రకారం రాసుకుంటూ, ఒట్టన్‌చత్రంలో ఇడ్లీ తిన్నాను. తర్వాత కొండలు మబ్బులో సగం కరిగిపోయాయి. బస్సు నిలబడి ఉంటే అవే వెనక్కి నడుస్తున్నట్టు అనిపించింది. తేనిలో బస్సు మారి, ఒంటిగంటకు బోడినాయకనూరు.

గాలిమర ఆగిన వేళలు బావ రాసిపెట్టిన కాగితం చూశాను. ఆగినవన్నీ పగలు పదకొండు దాటాకే.

"జనరేటరు గడియారం చూడదు బావా," అన్నాను.

స్తంభం అడుగున తలుపు తీయగానే ఏలకుల వాసన. లోపల బీరువా అంత కన్వర్టరు. జనరేటరు కరెంటును లైనుకు సరిపడేలా మార్చేది అదే. దాని వేడిగాలి పోయే జాలీ మీద గోనెపట్టా, పట్టా మీద పచ్చి ఏలక్కాయలు.

"నేనే అన్నా," అంది రాజమ్మ. "ఎండలో వేస్తే పచ్చరంగు పోతాది. ఊరికే పోయే వేడే కదా అని, వంటయినాక పరుస్తా."

"మెకానిక్కు చూడలేదా?"

"అన్యుడు వస్తాడంటే తీసి, తుడిచి పెట్టనా? నువ్వు మనవాడివని తీయలే."

"నాతో ఒక మాట చెప్పకూడదా?" అన్నాడు బావ.

"పగటిపూట నువ్వు మేలుకొని ఉంటే కదా!"

గాలి పెరిగితే కరెంటు పెరుగుతుంది, కన్వర్టరు మరింత వేడెక్కుతుంది, పట్టా ఆ వేడిని బయటికి పోనివ్వదు. తనను కాపాడుకోవడానికి అది మొదట జనరేటరు భారం తగ్గించి, చివరికి ఆపేస్తుంది. చూసేవాళ్లకు జనరేటరే అలిసిపోయినట్టు ఉంటుంది. పట్టా తీయించి, మెకానిక్కును పిలిపించి జాలీలు శుభ్రం చేయించాను.

ఆదివారం రాజమ్మా బావా నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. బస్‌స్టాపు నుంచి గాలిమర కనిపిస్తోంది. మధ్యాహ్నం గాలి ఇంకా రాలేదని రెండు బస్సులు వదిలేశాను. 12.50కి చెరుకుతోట ఒక్కసారిగా ఒరిగింది. రెక్కలు వేగమందుకున్నాయి. రాజమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. పది నిమిషాలు, ఇరవై, నలభై. ఆగలేదు.

బావ ఫోన్ తీశాడు. "క్రేన్ వేండామ్ప్పా, వద్దు," అన్నాడు రెండు భాషల్లోనూ.

మూడో బస్సెక్కాను. తేని దాటేదాకా రోడ్డుకు రెండు వైపులా గాలిమరలు, నీళ్ల అడుగున కదులుతున్నట్టు, నింపాదిగా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూస్తూ, ఏ ఊరు ఎప్పుడు దాటామో రాసుకోవడం మరిచిపోయాను.