వెర్న్ మజూర్ అబద్ధపు ముఖం

వెర్న్ మజూర్‌కు ముప్పై ఆరేళ్ళు. బేస్‌బాల్‌లో అది తాతల వయసు. పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. తండ్రి దిగిన గనిలోకి తాను దిగనని పదిహేడో ఏట బస్సెక్కాడు. అప్పటి నుంచీ బస్సులు ఎక్కడం, దిగడమే బతుకైంది. ఐయోవా, టెక్సాస్, అలబామా... చిన్న లీగుల్లో అతను తిరగని ఊరు లేదు. ఒక ఆగస్టులో పెద్ద లీగు జట్టు ఆటగాడికి మోకాలు దెబ్బతింటే వెర్న్‌ను పిలిపించుకున్నారు. మోకాలు బాగవగానే పంపించేశారు. ఆ నెల ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే "అక్కడ తువ్వాళ్ళు మందంగా ఉంటాయి" అంటాడు, అంతే.

మైదానంలో అతని చోటు కుడివైపు, బాగా వెనక, గోడ దగ్గర. ఏ ఊరు వెళ్ళినా, కొత్త కోడలు అత్తింటి వంటగది చూసుకున్నట్టు, ఎవరూ రాకముందే ఆ గోడ వెంట నడుస్తాడు. బంతి విసిరి ఎక్కడ ఎలా తిరిగొస్తుందో చూస్తాడు. గడ్డి తుంచి గాలిలోకి వదులుతాడు.

అతని దగ్గర మరో విద్య ఉంది. అందదని తెలిసిన బంతి తలమీదుగా పోతుంటే పరుగెత్తడు. ఒళ్ళో పడబోతున్న పండు కోసం చూస్తున్నవాడిలా తీరిగ్గా నిలబడతాడు. ఆ ముఖం చూసి, ఇతను పట్టేస్తాడు, పరుగెత్తితే వెనక్కి రావలసి వస్తుందనుకుని, బేసు మీదున్న ఎదుటి ఆటగాడు అక్కడే ఆగిపోతాడు. ఈలోగా బంతి గోడకు తగలడం, వెర్న్ అందుకుని విసరడం అయిపోతాయి.

అలబామాలో ఒకే గదిలో ఉన్నప్పుడు డెల్‌రాయ్ పింక్నీ అనే కుర్రవాడికి ఈ గుట్టంతా తనే చెప్పాడు. ఆ డెల్‌రాయ్ ఇప్పుడు ఎదుటి జట్టులో ఉన్నాడు.

ఆ శనివారం పొద్దున వెర్న్ ఆడే రివర్‌మెన్ జట్టు మేనేజరు గస్ టిబెట్స్ పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతూ అతనితో అన్నాడు: "సోమవారం పైవాళ్ళు ఒక కుర్రాణ్ణి పంపుతున్నారు. మీలో ఒకరిని తీసెయ్యాలి."

"నన్నేనా?"

"ఇంకా తేల్చుకోలేదు. ఆట అయ్యాక పిలుస్తా."

మేనేజరు పిలిచి "తలుపు వేసి కూర్చో" అన్నాడంటే సంచీ సర్దుకోవలసిందే. వెర్న్ ఆ మాట నాలుగైదు ఊళ్ళలో విన్నవాడే.

"నా కాళ్ళ సంగతి నీకు తెలుసు, గస్. తక్కినవి సాయంత్రం చూసుకో."

మధ్యాహ్నం గడ్డి వదిలి చూశాడు. పొద్దు వాలేకొద్దీ నది మీది గాలి గోడ దాటి మైదానంలోకి వీస్తోంది.

ఆటకు ముందు డెల్‌రాయ్ ఎదురొచ్చాడు. "ఏం తాతా, పింఛను ఇంకా రాలేదా?"

"నీకు పరుగు నేర్పడం పూర్తయితే కదరా ఇచ్చేది."

"నేర్చుకున్నది చాల్లే. నీ ముఖాన్ని నమ్మకూడదు, అదొక్కటి గుర్తుంది."

ఆఖరి వంతు వచ్చేసరికి రివర్‌మెన్ ఒక్క పరుగు ముందున్నారు. ఎదుటివాళ్ళలో ఇంకా ఇద్దరు అవుట్ కావాలి. మొదటి బేసు మీద డెల్‌రాయ్. బ్యాటు పట్టినవాడు బంతిని కుడివైపు ఆకాశంలోకి లేపాడు. జనమంతా లేచి నిలబడ్డారు. అది గోడకు తగిలే దెబ్బ అని అందరికీ అనిపించింది.

వెర్న్ మెడ వెనక చెమట చల్లబడింది. గాలి వస్తోంది. బంతి గోడదాకా పోదని అతనికి తెలిసిపోయింది. నాలుగడుగులు వెనక్కి నడిచి, చెయ్యి దించి, తీరిగ్గా నిలబడ్డాడు.

డెల్‌రాయ్ ఆ ముఖం చూశాడు, పాత అబద్ధమే అనుకుని నవ్వుకున్నాడు, పరుగందుకున్నాడు. "ఆగరా, ఆగు" అని పక్కనుంచి కోచ్ మొత్తుకున్నా వినలేదు. రెండో బేసు దాటేశాడు.

గాలి బంతిని మెల్లగా వెనక్కి నెట్టింది. వెర్న్ చెయ్యెత్తి పట్టుకున్నాడు. కొట్టినవాడు అవుట్. బంతి గాలిలోనే పట్టుబడితే, పరుగెత్తినవాడు బయలుదేరిన బేసుకు తిరిగి వచ్చి తీరాలి. డెల్‌రాయ్ దుమ్ము రేపుతూ తిరిగాడు. కానీ వెర్న్ విసిరిన బంతి ఒక్కసారి నేలను తాకి, అతనికంటే ముందే మొదటి బేసుకు చేరింది. ఇద్దరూ పోయారు, ఆటా ముగిసింది.

"ఇది అన్యాయం తాతా," అన్నాడు డెల్‌రాయ్, ప్యాంటు దులుపుకుంటూ. "అబద్ధపు ముఖం పెట్టుకుని నిజంగా పట్టేస్తావా?"

"రోజూ అబద్ధమే ఆడితే ఎవరు నమ్ముతార్రా?"

కాసేపటికి గస్ గదిలోంచి కేక వినిపించింది. "మజూర్."

వెర్న్ తడి జుట్టుతోనే లోపలికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి తలుపు మీద చెయ్యి వేశాడు.

గస్ కాగితాల్లోంచి తలెత్తలేదు.

"తలుపెందుకయ్యా, ఉక్కపోస్తుంటే. తీసే ఉంచు. వచ్చే కుర్రాడికి ఆ గోడ సంగతి ఎవరు చెప్తారు, నేనా?"

వెర్న్ తలుపును గోడదాకా బార్లా తెరిచి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.