ఒడిలో టర్బో

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కినప్పుడు నా పక్కన నలభై అయిదేళ్ల ఆవిడ కూర్చుంది. ఆమె ఒడిలో దుప్పటి చుట్టిన మూట ఉంది. ఆ బరువుకు మాటిమాటికీ కాళ్లు సర్దుకుంటుంటే, కింద పెట్టమన్నాను.

"వద్దక్కా, ఇది టర్బో. మా ఆయన పాత స్పోర్ట్స్ కారుకు బిగిస్తాడంట. ఇంజనులోకి గాలి ఎక్కువ తోసి బండిని ఇంకా జోరుగా ఉరికిస్తాదంట," అంది. "కారు మా పెండ్లి కంటే పాతది. బ్రేకులూ పాతవే. మెకానిక్ వద్దన్నా ఇనల్యా. రేపే బిగించాలంటాడు. అందుకే ఎమ్మిగనూర్లో మా అన్న ఇంట్లో దాచిపెడదామని ఎత్తుకొచ్చినా."

"ఆయనకు తెలుసా?" అన్నాను.

"తెలీదు. దొంగలు ఎత్తుకపోయినారనుకుంటాడు."

బస్సు పత్తి చేల మధ్య నుంచి పోతుంటే ఆమె దుప్పటి ముడి విప్పి మళ్లీ గట్టిగా కట్టింది.

"దొంగ అంటే మా ఆయన ముందు మెకానిక్‌నే అనుకుంటాడు," అంది ఉన్నట్టుండి. "ఇది పెట్టిన మా షెడ్డు తాళంచెవి ఆయప్ప దగ్గర గూడా ఉంటాది."

దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగింది. ఆమె మూట ఎత్తుకుని లేచింది. ఎక్కడికని అడిగాను.

"ఇంటికేలే అక్కా. మా ఆయన్ని ఎదురుగా కూసోబెట్టుకొని వద్దని సెప్తా. ఇది బిగిస్తే నేను ఆ బండెక్కనని గూడా సెప్తా."

మా బస్సు కదిలేసరికి ఆమె రోడ్డు దాటి, ఆదోని వైపు వెళ్లే బస్సుకు చెయ్యెత్తుతోంది.

ఆయన విన్నాడో లేదో నాకు తెలియదు. విని ఉండాలని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను.