తొమ్మిది వేల కిలోమీటర్ల ఇటలీ కారు కోసం పల్లెవెలుగులో మాచర్లకి

డెబ్బై లక్షల కారు కొనడానికి బస్సులో ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ మీద వెళ్ళిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇంటర్ చదివేటప్పుడు నా ఫిజిక్స్ పుస్తకం అట్ట లోపల ఒక ఎర్రటి ఇటలీ కారు బొమ్మ అంటించుకున్నాను. ఆ తర్వాత చదువు, పెళ్ళి, పిల్లలు, చిలకలూరిపేటలో ఇరవై ఏళ్ళ కళ్ళ ఆసుపత్రి. బొమ్మ చిరిగిపోయింది గానీ పిచ్చి పోలేదు. మొన్న జనవరిలో ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. రెండు సీట్ల ఇటలీ స్పోర్ట్స్ కారు, పన్నెండేళ్ళది, నడిచింది తొమ్మిది వేల కిలోమీటర్లు, ఊరు మాచర్ల. మాచర్లలో ఇటలీ కారా! కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

మా ఆయనది పత్తి వ్యాపారం. ఏ సరుకు చూసినా ఆయనకి ముందు తరుగే కనిపిస్తుంది. "కొత్తలో రెండు కోట్ల పైన, ఇప్పుడు డెబ్బై లక్షలు. ఇంకా పడుద్ది గదా" అన్నాడు. పడాల్సిందంతా ఇదివరకటి ఇద్దరు యజమానుల నెత్తిన పడింది, ఈ వయసుకి వచ్చాక ఇలాంటి బండి ధర దాదాపు ఆగిపోతుంది అని నేను వాదించాను. "ధర ఆగుద్ది, సరే. దారిలో బండి కూడా ఆగితే?" అన్నాడు. గుంటూరులో ఫ్లాట్ కోసం దాచిన డబ్బు అది. చివరికి ఒప్పందం కుదిరింది. కారు కొంటే అది తన చక్రాల మీద మా చిలకలూరిపేట దాకా రావాలి. లారీ మీద వచ్చిందంటే మర్నాడే అమ్మేసి ఫ్లాట్ కొనాలి.

ఫిబ్రవరిలో ఒక బుధవారం తెల్లవారుజామున పేటలో బస్సెక్కి నరసరావుపేటలో దిగాను. అక్కడ సుభాని రెండు నూనె డబ్బాలు, ఒక పనిముట్ల సంచీతో కాచుకుని ఉన్నాడు. ఎనిమిదేళ్ళు దుబాయిలో ఇలాంటి కార్లకే మరమ్మతులు చేసి వచ్చి, ఇప్పుడు నరసరావుపేటలో షెడ్డు నడుపుతున్న మెకానిక్ అతను. ఆరుంపావుకి మాచర్ల పల్లెవెలుగు దొరికింది. ఆధార్ చూపిస్తే నాకు ఉచితం, సుభానికి నూట పాతిక దాకా అయింది. డబ్బాలెందుకని కండక్టర్ అడిగితే అతను సంగతంతా చెప్పేశాడు. కండక్టర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"అంత కారు కొనటానికి పోతా ఫ్రీ బస్సా మేడం? సర్లే, వచ్చేటప్పుడు మా బస్సుని మాత్రం ఓవర్‌టేక్ చేయమాకండి" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను.

పిడుగురాళ్ళలో పది నిమిషాలు ఆపారు. సున్నపు బట్టీల పొగ చూస్తూ టీ తాగాం. గురజాల దాటాక రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ రంగు చూసినకొద్దీ నాకు కారే గుర్తొచ్చింది. తొమ్మిదిన్నరకి మాచర్లలో దిగి, ఆటోకి ఎనభై రూపాయలిచ్చి ఊరి చివర నాపరాయి ఫ్యాక్టరీకి చేరాం.

ఫ్యాక్టరీ యజమాని, కారు యజమాని కూడా, పిచ్చయ్య గారు. డెబ్బై దగ్గరపడిన మనిషి. "మోకాళ్ళు అరిగినయ్ అమ్మాయ్, దాంట్లో కూర్చుంటే లేవలేకపోతన్నా. అందుకే అమ్ముతున్నా" అన్నారు. రాళ్ళు కోసే షెడ్డు పక్కనే ఒక గది. తాళం తీసి, కారు మీద కప్పిన రెండు దుప్పట్లు తీశారు. పుస్తకం అట్టలో ఉన్న ఎరుపే. నా మొహం చూసి సుభాని నా చెవిలో "అట్టా నవ్వమాకండి డాక్టరమ్మా, బేరం పోద్ది" అన్నాడు.

అతను పని మొదలుపెట్టాడు. ఆ కారుకి ఇంజన్ సీట్ల వెనకాల ఉంటుంది, డిక్కీ ముందు ఉంటుంది. రంగు అసలుదే, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. టైర్లకి గాడి ఉంది గానీ వయసైపోయింది, మార్చాలి. అప్పటికే మనసులో సంతకం పెట్టేశాను. ఇంతలో పిచ్చయ్య గారి భార్య సరోజనమ్మ మజ్జిగ తెచ్చింది. "బాగా చూసుకోండమ్మా, ఆయన దేవుడి తర్వాత దానికే మొక్కుతాడు" అంది.

అదేమిటని అడిగాను. ఆరేళ్ళ కింద హైదరాబాద్‌లో కొన్నప్పటి నుంచి, రోజూ పొద్దున పూజ కాగానే ఆయన వచ్చి కారుకి అగరబత్తి వెలిగిస్తారట. ఇంజన్ స్టార్ట్ చేసి సరిగ్గా పది నిమిషాలు ఉంచి ఆపేస్తారట. "ఒక్కరోజు తప్పలేదు" అన్నారు ఆయన గర్వంగా. మరి నడిపేది? కొన్నప్పుడు మీటరు ఎంతని అడిగితే 8,840 అని చెప్పారు. ఇప్పుడు 9,020. ఆ తేడా హైదరాబాద్ నుంచి మాచర్లకి ఉన్న దూరం. అంతే.

సుభాని మొహం వాడిపోయింది. ఇంజన్ మీద నూనె పోసే మూత విప్పి చూపించాడు. లోపల తెల్లగా, చిక్కగా, చల్ల చిలికినప్పుడు కవ్వానికి అంటిన వెన్నలాంటిది. "రోజూ నిద్ర లేపి, మంచం దిగనీకుండా మళ్ళీ పడుకోబెట్టారు సార్. ఇంజన్ సరిగా కాగందే లోపలి చెమ్మ పోదు. అది నూనెలో కలిసి ఇట్టా అవుద్ది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "చెమ్మ ఒక్కటే అయితే నూనె మారిస్తే సరిపోద్ది. అట్టా కాకుండా లోపల గ్యాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్ళు నూనెలోకి దిగుతుంటే మాత్రం, ఊరికే ఇచ్చినా వద్దు."

ఎట్లా తెలుస్తుందని అడిగాను. నూనె మార్చి, మూత శుభ్రంగా తుడిచి, బాగా కాగేదాకా నడిపి మళ్ళీ చూడాలన్నాడు. పిచ్చయ్య గారు కారు మీద చెయ్యి వేసి "నడిపితే అరుగుద్దనుకున్నా నాయనా" అన్నారు. ఆయన్ని చూస్తే నాకు నిజంగానే జాలేసింది.

కారు కిందికి దూరే జాగా లేదు కాబట్టి కూలీలు నాపరాళ్ళు పేర్చి మెట్లు కట్టారు, కారుని వాటి మీదికి ఎక్కించి నూనె మార్చారు. ఈలోగా సరోజనమ్మ మాకు జొన్నరొట్టె, పండుమిరపకాయ పచ్చడి పెట్టింది. పచ్చడికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయానికే తిరిగాయని సుభాని ఇప్పటికీ ఏడిపిస్తాడు.

నాగార్జునసాగర్ దాకా నడిపి చూడాలనుకున్నాం, పాతిక కిలోమీటర్లు. కారు నేను నడపాలి, సుభాని పిచ్చయ్య గారితో కలిసి వెనక జీపులో వచ్చి శబ్దం, పొగ గమనించాలి. నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, పక్కన ఒకరు కూర్చుని ఇంజన్ వేడి చూపించే సూది ఎక్కడుందో అతనికి ఫోన్‌లో చెబుతుండాలి. పిచ్చయ్య గారికి మోకాళ్ళు వంగవు. "నేను చెప్తా" అంది సరోజనమ్మ, చీర కొంగు దోపుకుని.

స్పీడ్ బ్రేకర్లు వచ్చినప్పుడల్లా కారు అడుగు తగలకుండా జీపు ముందుకెళ్ళేది, సుభాని దిగి రెండు చెక్కలు వేసేవాడు, నేను వాటి మీంచి మెల్లగా దాటేదాన్ని. ఊరు దాటాక రోడ్డు ఖాళీ. సుభాని ఫోన్‌లో "ఇప్పుడు తొక్కండి" అన్నాడు. తొక్కాను! వీపు సీటుకి అతుక్కుపోయింది. వెనకాల ఇంజన్ అరుపుకి నా ఒళ్ళంతా ఝల్లుమంది. ముప్ఫై ఏళ్ళు ఎదురు చూసింది ఈ శబ్దం కోసమే. పక్కన సరోజనమ్మ ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో ఫోను పట్టుకుని "సూది నడిమధ్యలో ఉంది నాయనా! కదల్లా! ఇంకా నడిమధ్యలోనే ఉంది!" అని అరుస్తూనే ఉంది. జీపు ఎక్కడో వెనకబడిపోయింది.

డ్యామ్ కనిపించే చోట ఆపాం. జీపు వచ్చాక సుభాని చేతికి గుడ్డ చుట్టుకుని మూత విప్పాడు. నేను చూడలేక నీళ్ళ వైపు తిరిగాను. "డాక్టరమ్మా, ఇటు చూడండి" అన్నాడు. మూత లోపల తేనె రంగు నూనె తప్ప తెలుపు చుక్క లేదు. రేడియేటర్ నీళ్ళు ఒక్క గీత కూడా తగ్గలేదు. సిగ్గు లేకుండా రోడ్డు మీదే ఎగిరాను.

సరోజనమ్మ మాత్రం కారు దిగలేదు. ఏమైందని పిచ్చయ్య గారు కంగారుగా కిటికీ దగ్గరికి వచ్చారు. "ఏంలా. సాగర్ దాకా తీస్కపోవయ్యా అని ఆరేళ్ళు అడిగా. బండి మురికవుద్దన్నావు. దిగితే మళ్ళీ ఎక్కిచ్చరేమోనని కూర్చున్నా" అంది. ఆయన కిటికీ వదిలి నా దగ్గరికి వచ్చి, "దాన్ని పాడు చేసింది నేను. టైర్లు, మిగతా మరమ్మతులు నా లెక్కలో తగ్గిచ్చుకో. ఇప్పుడు వెనక్కి పోయేటప్పుడు మాత్రం మా సరోజననే పక్కన కూర్చోబెట్టుకో" అన్నారు.

అట్లాగే వెనక్కి వెళ్ళాం. కాగితాల పని ముగించుకుని నాలుగింటికి మాచర్ల నుంచి బయల్దేరాను. చెక్కలు పిచ్చయ్య గారే ఇచ్చారు, సుభాని వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు డిక్కీలో పచ్చడి జాడీ. గురజాల దగ్గర పొద్దుటి పల్లెవెలుగే ఎదురైంది. కండక్టర్ ఫుట్‌బోర్డు మీంచి రెండు చేతులూ ఊపాడు. సుభానిని నరసరావుపేటలో దింపి, ఏడున్నరకి పేట చేరాను. మా ఆయన ముందు కారు కిందికి వంగి ఏమైనా కారుతోందేమో చూశాడు. తర్వాత గేటు ముందు తనే చెక్కలు వేశాడు.

ధర తరగడానికీ బండిని నమ్మడానికీ మధ్య లెక్క నేను తప్పుగా వేసుకున్నానని ఆ రోజు తెలిసింది. తక్కువ నడిచింది కాబట్టి ఎక్కువ మంచిదనుకున్నాను. పిచ్చయ్య గారూ అదే అనుకుని, ఇష్టమైనదాన్ని అరగకుండా దాచారు. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం కారుని బాగా కాగేదాకా నడుపుతున్నాను. దాని ధర తగ్గుతుంది, తగ్గనీ. నెలకోసారి మాచర్ల మీదుగా సాగర్ వెళ్తాను, ఆ రోజు పక్క సీటు సరోజనమ్మది. మొన్న వెళ్ళేసరికి ఆవిడ పొద్దున్నే తయారై గేటు దగ్గర నిలబడి ఉంది. పిచ్చయ్య గారు స్పీడ్ బ్రేకర్ దగ్గర చెక్కలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇలాంటి కారు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మీటరు చూసి మురిసిపోకండి. మంచి మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి కనీసం అరగంట నడపండి, నడిపేటప్పుడు ఆ ఇంటి ఆవిడని పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి. కారు గురించి అమ్మే మనిషి చెప్పనివన్నీ ఆవిడ చెబుతుంది.