తవిటయ్య మీద పడ్డ నింద

ఐదేళ్ళుగా మా ఇంట్లో ఎవరైనా తవిటయ్య పేరెత్తితే నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతున్నాను. పొయ్యి మీద పాలున్నాయనో, పాప లేచిందనో ఏదో ఒక వంక. ఎవరికీ అనుమానం రాలేదు. మీరెవరో నాకు తెలీదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. నరసన్నపేటలో ఇనప సామాను కొట్టున్న ఒక ఇంటి కోడలిని. అంతవరకు చాలు.

తవిటయ్య మా కారు డ్రైవరు. నేను కాపురానికి రాకముందు నుంచీ, పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నవాడు. సముద్రం ఒడ్డున పల్లె వాళ్ళది, వేటకెళ్ళే కుటుంబం. పడవ తిరగబడి అన్న పోయాక ఇంక సముద్రం మీదకి వెళ్ళనని స్టీరింగు పట్టుకున్నాడు. మా మావయ్యగారు ఊరెళ్తే కొట్టు తాళాలు కూడా ఆయన చేతిలోనే పెట్టి వెళ్ళేవారు. నేను తవిటన్నా అని పిలిచేదాన్ని.

నాకు కారు నడపడం నేర్చుకోవాలని ఉండేది. అత్తయ్యగారిని ఒకసారి అడిగాను. మనింటి ఆడవాళ్ళకు అదేం అవసరం అన్నారు. మళ్ళీ అడగలేదు. తవిటన్నని అడిగాను. తర్వాత, ఆమదాలవలసలో మా పుట్టింటికి నన్ను దింపడానికి వెళ్ళే రోజుల్లో, జనం లేని చోట బండి ఆపి సీటు నాకిచ్చేవాడు. మా ఆయనకు కూడా తెలీదు. తవిటన్న ఎక్కడా నోరు జారలేదు.

రాష్ట్రం విడిపోయిన ఏడాది, వేసవి. మావయ్యగారు, మా ఆయన సరుకు పని మీద విజయవాడ వెళ్ళారు. తవిటన్న పల్లెలో అమ్మవారి పండగని నాలుగు రోజులు సెలవు పెట్టాడు. కారు షెడ్డులో ఉంది. మధ్యాహ్నం అత్తయ్యగారు నిద్రపోగానే నేను తలుపు వెనక కొక్కేనికున్న తాళం తీసుకుని వెళ్ళి కారులో కూచునేదాన్ని. స్టార్టు చేసేదాన్ని కాదు. క్లచ్చి తొక్కడం, గేర్లు మార్చడం, అంతే.

ఆ ఆదివారం అలా కూచుని ఉండగా పక్కింటి పిన్నిగారు కేకేశారు. అరసవల్లి వెళ్దాం, బస్సుందట, రా అని. కంగారులో తాళం చీర కొంగున ముడేసుకుని వెళ్ళిపోయాను. ఆదివారం అరసవల్లి సూర్యుడి గుడిలో రద్దీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. వరసలో తోసుకుంటూ లోపలికి వెళ్ళాం, తోసుకుంటూనే బయటకి వచ్చాం. తిరుగు బస్సులో కొంగు తడుముకున్నాను. ముడి వదులై ఉంది. తాళం లేదు.

అది పాత బండి, వైజాగులో ఎవరి దగ్గరో కొన్నది. దాంతో ఒక్క తాళమే వచ్చింది. నల్లటి లావు తల, దాని మీద పనిచెయ్యని రెండు మీటలు. పోయిందని ఆ సాయంత్రమే చెప్పేసి ఉండచ్చు. చెప్తే, అది నీ దగ్గరకెలా వచ్చిందంటారు. షెడ్డులో ఏం చేస్తున్నావంటారు. ఎవరు నేర్పారంటారు. ఇవన్నీ చాలా పెద్ద ప్రశ్నల్లా కనబడ్డాయి నాకు. ఇప్పుడు చూస్తే ఎంత చిన్నవి. ఒక పూట తిట్లు, ఓ వారం ముభావం. అంతకు మించి ఏమయ్యేది?

మంగళవారం తాళాలు చేసేవాడు సైకిలు మీద వీధిలోకొచ్చాడు. లోపలికి పిలిచాను. కారు తలుపు కన్నంలో ఇనప రేకు పెట్టి చూస్తూ, ఆకురాయితో గీస్తూ గంటకు పైగా కూచున్నాడు. అత్తయ్యగారు లేస్తారేమోనని నేను గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. లోపల తిప్పితే దీపాలు వెలిగాయి. అలాంటి నల్ల తల కూడా అతని సంచిలో దొరికింది. ఇంజిను స్టార్టు చేసి చూసుకోమన్నాడు. చప్పుడవుతుందని వద్దన్నాను. అతను వెళ్ళాక ఆ కొత్త తాళాన్ని పెరటి గచ్చు మీద రుద్దాను. మెరుపు పోయేదాకా రుద్దాను. పాతదానికున్నట్టే ఎర్ర తాడు కట్టి కొక్కేనికి తగిలించాను. ఎంత తెలివిగా చేశాననుకున్నానో.

గురువారం పొద్దున్న రామతీర్థంలో మా ఆడపడుచు కొడుక్కి పుట్టు వెంట్రుకలు. అందరం తయారై కారెక్కాం. తవిటన్న తాళం తిప్పాడు. ఇంజిను గుర్రుమంటోంది కానీ అందుకోవడం లేదు. స్టీరింగు వెనక తాళం బొమ్మలా చిన్న ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. పది సార్లు తిప్పాడు. చివరకు పిల్లాణ్ణి, వాళ్ళ అమ్మానాన్నలను వేరే బండిలో పంపించి, శ్రీకాకుళం నుంచి మెకానిక్కుని పిలిపించారు.

అతను ఆ దీపం చూసి, తాళం అడిగి తీసుకుని, స్క్రూడ్రైవరుతో దాని తల విప్పాడు. లోపల ఖాళీ. అసలు తాళంలో బియ్యపు గింజంత చిప్పు ఉంటుందట. అది ఉంటేనే బండి ఇంజినుని లేవనిస్తుందట. దొంగతనాలు జరక్కుండా కంపెనీ వాళ్ళు పెట్టిన ఏర్పాటట. "ఇది అసలుది కాదండీ. అచ్చం దానిలాగే ఎవరో సేయించి ఇక్కడెట్టారు," అన్నాడు.

మావయ్యగారు చాలా నెమ్మదిగా అడిగారు, మరి అసలుది ఎక్కడుందని.

అందరూ తవిటన్న వైపు చూశారు. నకలు ఇక్కడ పెట్టి అసలు దాచుకున్నవాడికి ఏదో ఒక రోజు బండి కావాలి. బండి కొన్నప్పట్నుంచీ ఆ తాళం పట్టుకున్నది ఒక్కడే. లెక్క అంత సుళువుగా తేలిపోయింది. గచ్చు మీద రుద్దడం వల్లే తేలింది. కొత్త తాళం కొత్తగానే ఉండి ఉంటే, ఎవరో పోగొట్టి చేయించారని అనుకునేవారేమో.

సెలవుకెళ్ళేటప్పుడు తాళం కొక్కేనికే తగిలించానని మాత్రం ఆయన అన్నాడు. ఇంకొక్క మాట అనగలిగేవాడు. కోడలమ్మ కూడా బండి నడుపుతాదని. అనలేదు.

కాసేపటికి నేను పెరట్లో నుయ్యి దగ్గరుంటే అక్కడికొచ్చాడు. దూరంగా నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, తాళం నీ సేతిలో ఏమైనా పోనాదా? పోతే సెప్పీ. నా సేతిలోనే పోనాదని, బయపడి నానే సేయించీసినానని బాబుగోరికి సెప్పుకుంతాను. పోగొట్టీసినోడంటే తిడతారు, అంతే. దొంగంటే మాత్రం నాను బతకనేనమ్మా."

"నాకేం తెలీదు తవిటన్నా. నేను ముట్టుకోలేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు.

"నువ్వు నేదంటే నేదేనమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆయన నమ్మాడా? నమ్మినట్టు నటించాడా? ఏది నిజమైతే నాకు తక్కువ సిగ్గు? ఈ ప్రశ్నని ఎన్ని వైపుల నుంచి చూశానో చెప్పలేను. నా తప్పు తన నెత్తిన వేసుకుంటానని వచ్చిన మనిషికి, ఆ చిన్న తప్పు కూడా ఇవ్వకుండా, పెద్ద నిందే మిగిల్చాను. అప్పుడు కూడా అత్తయ్యగారి భయమేనా? కాదనుకుంటాను. తాళం విషయంలో భయపడ్డాను, అది నిజమే. కానీ నుయ్యి దగ్గర నాకు కావలసింది ఒక్కటే, ఆ మనిషి నా ముందు నుంచి వెళ్ళిపోవడం.

మావయ్యగారు పోలీసుల దాకా వెళ్ళలేదు. అసలు తాళం తెచ్చి ఇచ్చేస్తే ఏమీ అడగనని చెప్పారు. తన దగ్గర లేనిది ఎక్కణ్ణించి తెస్తాడు? మూడు రోజులు గేటు దగ్గరకొచ్చి ఉత్త చేతులతో నిలబడ్డాడు. నాలుగో రోజు రాలేదు.

ఊళ్ళో ఇంకెవరూ ఆయన చేతికి బండి ఇవ్వలేదు. మళ్ళీ సముద్రం మీదికే వెళ్ళాడని, గుజరాతు వైపు బోట్ల మీద పని దొరికిందని చేపలమ్మే ఆమె చెప్పింది. తర్వాత ఇంకోసారి, వల లాగే యంత్రంలో పడి రెండు వేళ్ళు పోయాయని చెప్పింది. నేను చేపలు తీసుకుని లోపలికొచ్చి వాటిని కడిగాను, కూర వండాను.

కారుని లారీ మీద వైజాగు తీసుకెళ్ళి కొత్త తాళాలు చేయించుకొచ్చారు. బయటి డ్రైవర్లంటే నమ్మకం పోయింది. అందుకని, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, మా ఆయనే నన్ను నేర్చుకోమన్నారు. అత్తయ్యగారు కూడా కాదనలేదు. ఇంత త్వరగా వచ్చేసిందేమిటని మా ఆయన నలుగురిలో మెచ్చుకున్నారు. నేను నవ్వాను.

పోయిన నెల పాపని తీసుకుని శ్రీకాకుళం నుంచి వస్తూ రద్దీలో ఆగాను. ఎవరో అద్దం పక్కకి వచ్చి వంగారు. తవిటన్న. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఎడమ చెయ్యి లుంగీ మడతలో దాచుకున్నాడు. పాపని చూసి నవ్వాడు. బాబుగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. బాగున్నారన్నాను. లోపలికి చూసి, క్లచ్చి మీద ఉంచేసిన కాలు తియ్యమన్నాడు, అరిగిపోతుందన్నాడు. ముందు బండి కదిలింది. వెనక వాళ్ళు హారన్లు కొట్టారు. నేను వచ్చేశాను. బండి పక్కకి తీసి ఆపి ఉండచ్చు. ఆపలేదు.

మావయ్యగారు ఇప్పుడు పక్క గదిలోనే ఉన్నారు. ఈ కాగితం ఆయనకి చూపించే ధైర్యం ఉందా అంటే, ఈ పూటకి లేదు. రేపు ఉంటుందని మీకు మాటివ్వలేను. నా మాట విలువెంతో మీకిప్పుడు తెలుసు.

తాళం అరసవల్లిలో పోగొట్టింది నేను. నకలు చేయించి కొక్కేనికి తగిలించింది నేను. తవిటయ్య ఏమీ దొంగిలించలేదు.

ఇది రాయడానికి ఒక్క నిమిషం పట్టింది. నుయ్యి దగ్గర చెప్పడానికి కూడా అంతే పట్టేది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, ఆయనకి కాదు.