వెనక జేబులో ట్యూబ్

ఇన్నేళ్లుగా ఒక సైకిల్ ట్యూబ్ బరువు మోస్తున్నాను. చుడితే పిడికిలంత ఉంటుంది, అంతే. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బోయిగూడ. గ్రేస్ అక్క లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది, లెక్కల టీచరు. నాకు ఈత నేర్పిందీ, రేసు సైకిల్ ఎక్కించిందీ ఆమే. ఆ ఏడాది ఊరి బయట ట్రయథ్లాన్ జరిగితే ఇద్దరం పేర్లిచ్చాం. ముందు ఈత, తర్వాత సైకిల్ మీద మూడు చుట్లు, చివర పరుగు. తన వయసువాళ్లలో మొదట రావాలని అక్కకు ఆశ. పైకి అనేది కాదు గానీ, ఏడాదంతా వానలో సైతం సాధన మానలేదు.

నేను ఈతలోనే వెనకబడ్డాను. సైకిలెక్కిన కాసేపటికే తొడలు పట్టేశాయి. నా కోసం వచ్చిన మా ఆఫీసువాళ్లు చివర్లో చూస్తుంటారు. మధ్యలో మానేస్తే నా చేతకానితనం, సైకిల్ పాడైతే ఎవరి తప్పూ కాదు. ఈ ఆలోచన నాకెక్కడిది? దిగాను. నంబరు కాగితానికున్న పిన్నీసు తీసి, టైరు పక్కన పలచగా ఉన్నచోట గుచ్చాను. చెయ్యి వణకలేదు. అదే ఇప్పటికీ నాకు వింత.

అంతలో గ్రేస్ అక్క వచ్చి ఆగింది. నాకంటే ఒక చుట్టు ముందుంది.

"ఏందే, ఏమైంది?"

"పంక్చర్ అక్కా."

"ట్యూబ్ తెచ్చుకోలేదా?"

తెచ్చుకున్నాను. చొక్కా వెనక జేబులోనే ఉంది.

"మర్చిపోయిన," అన్నాను.

"పరేషాన్ గాకు. నాది వేస్తా, జెర చక్రం పట్టుకో."

"మరి నీకు?"

"నాకేం గాదులే."

తన చేతులతోనే వేసి, గాలి కొట్టి, నన్ను ఎక్కించి పోయింది. ఇక తొక్కక తప్పలేదు.

తర్వాతి చుట్టులో ఆమె రోడ్డు పక్కన నిలబడి కనిపించింది. వెనక టైరు నేలకంటుకుపోయింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. "పో, పో! ఆగకు!"

ఆగితే ట్యూబ్ ఇవ్వాలి. ఇస్తే అబద్ధం బయటపడుతుంది. ఇంతా ఆలోచించానా, లేక ఆలోచించేలోపే కాళ్లు నన్ను దాటించేశాయా? ఎన్నిసార్లు ఆ చోటికి మనసులో వెళ్లి చూసుకున్నానో. తేలదు. ఆగలేదన్నది మాత్రం నిజం.

నేను పూర్తి చేశాను. ఆఫీసువాళ్లు కేకలు వేశారు. ఆమె సైకిల్ నడిపించుకుంటూ వచ్చి నన్ను కావలించుకుంది. "పంక్చరైనా ఇడ్సిపెట్టలే మా పిల్ల," అని అందరికీ చెప్పింది. తర్వాత కుళాయి దగ్గరికి పోయి, మాకు వీపు తిప్పి, చేతులు కడుక్కుంది. నలుపు వదిలిపోయాక కూడా కడుక్కుంటూనే ఉంది.

అక్క మళ్లీ ఏ పోటీకీ పేరివ్వలేదు. మోకాలంది. నిజంగా మోకాలేనా? అడగాలనిపిస్తుంది. ఏ మొహంతో అడగను?

ఎందుకు చేశానో తెలిశాకే చెప్పాలనుకున్నాను. తెలియలేదు. తెలియకుండానే చెప్పేశాను. క్షమించమనను, అది మీరు చేయగలిగిన పని కాదు. ఆమెకు చెబుతానో లేదో కూడా తెలియదు. కానీ ఇన్నాళ్లూ లోపలున్నది ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఊపిరి తీసుకుని, మొదటిసారి దాన్ని తేరిపార చూస్తున్నాను.