గురప్ప బిగించిన ఇంజను

పూతలపట్టు చుట్టుపక్కల బావుల దగ్గర గురప్ప కూర్చోబెట్టిన ఆయిల్ ఇంజన్లు నూరుకు తక్కువ ఉండవు. ఇంజను తిరుగుతుండగా కింద సిమెంటు దిమ్మె మీద అగ్గిపెట్టెను నిలువుగా నిలబెట్టేవాడు. అది పడిపోతే ఎవరెన్ని చెప్పినా వినక బోల్టులన్నీ ఊడదీసి మళ్లీ మొదలుపెట్టేవాడు. కదిలే ఇంజను చెడిపోయే ఇంజనని అతని నమ్మకం. ఇరవై ఏళ్లలో ఆ నమ్మకం ఒక్కసారీ తప్పు కాలేదు.

ఎనభై ఒకటిలో అతని ఇంటికి ఒక మిలిటరీ జీపు వచ్చింది. ఎవరో మద్రాసు వేలంలో కొని, వాడుకుని, పెట్రోలు ఇంజను పట్టేసి తిరగకుండా పోయాక వదిలేసినది. రెండెద్దులు లాగితే వచ్చింది. అంతకు ముందటి ఏడు వానకు గుండ్లమిట్ట దారి కోసుకుపోయి ఎద్దుల బండ్లు ఆగిపోయాయి. ఆ మిట్ట మీద గురప్ప అక్క చెంగమ్మ ఒంటరిగా సేద్యం చేస్తోంది. అక్కడ ఇంజను చెడిపోతే ఇంకో ఇంజను మోసుకుపోయే దిక్కు లేదు. నాలుగు చక్రాలూ లాగే జీపైతే ఎక్కగలదని గురప్ప లెక్క.

బోల్తాపడిన ఒక వ్యాను డీజిలు ఇంజను దొరికింది. ఇంటిముందు చింతకొమ్మకు చైను పుల్లీ కట్టి పాతది దించాడు. కొత్తది పొడవెక్కువైతే రేడియేటరును నాలుగు వేళ్లు ముందుకు జరిపాడు. ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య వేసే ఇనుప పలకను చిత్తూరు లేతు షాపులో రెండుసార్లు కోయించాడు. మొదటిది సూదిమొనంత పక్కకు పోయింది.

పక్కింటి బాలసుబ్రమణ్యం తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవరు. సెలవు రోజున వచ్చి బానెట్టు కింద తొంగిచూశాడు. ఇంజనును మోసే ముందు రెండు ఇనుప కాళ్లూ, వెనక గేరుపెట్టె కాలూ చట్రానికి నేరుగా బిగించి ఉన్నాయి.

"రబ్బరు యాడప్పా?"

"ఏం రబ్బరు?"

"ఇంజను కాళ్ల కింద. గుంతలో దిగితే బండి సట్రం మెలి తిరుగుతాది. ఇంజను మెలి తిరగదు. రెంటికీ నడాన రబ్బరు ఉండాల."

"ఇంజనును రబ్బరు మీద పెట్టేదానికి ఇదేమన్నా ఉయ్యాలా? నువ్వు తోలేవాడివి, నేను బిగించేవాణ్ని."

"సరేలే అబ్బా. పంపుసెట్టుకు సక్రాలు పెట్టినావు, సూస్తాం."

ఆ సాయంత్రం గురప్ప ఇంజను తిప్పి బానెట్టు మీద అగ్గిపెట్టె నిలబెట్టాడు. పడిపోయింది. బోల్టులు ఇంకో చుట్టు బిగించాడు. మళ్లీ పడిపోయింది. ఇంజను మాత్రం చట్రం మీద కదలలేదు. జీపు మొత్తం వణికింది.

"ఇంజను కదల్లేదు సరే, మన ఇంటి తలుపులు కదల్తా ఉండాయి" అంది భార్య మునిరత్నమ్మ.

తారురోడ్డు మీద రెండుసార్లు తోలాడు. బాగానే పోయింది. రాళ్లదారిలో తోలి చూడకముందే, ఒక మంగళవారం పొద్దున, పాలు పోసే మనిషి చేత చెంగమ్మ కబురొచ్చింది. చెరుకు గానుగ తిప్పే ఇంజను లోపల ఏదో విరిగింది. ఆదివారం నరికిన చెరుకు గానుగ పక్కన కుప్పగా పడి ఉంది. మూడు రోజులు దాటితే రసం పులుస్తుంది, పులిసిన రసం పెనంలో ఎంత కాచినా బెల్లం ముద్ద కట్టదు. ఆ ఏడు చెంగమ్మకు ఆ ఎకరా చెరుకు తప్ప మరో పంట లేదు.

గురప్ప ఇంట్లో ఉన్న ఆయిల్ ఇంజనును నలుగురు పట్టి జీపు వెనక ఎక్కించి మోకుతో కట్టారు. మునిరత్నమ్మ కొంగు బిగించుకుని ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వు యాటికి?"

"అది తోవలో నిల్సిపోతే తోసేదానికి ఎవరుండారు?"

నీళ్లు ఎండిన మొదటి వంక దాటేటప్పుడు చక్రాలు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి పోయాయి. ఎక్కడో టిక్కుమంది. గురప్ప స్టీరింగు వదలలేదు. రెండో గుంతలో మళ్లీ టిక్కుమంది.

"ఇనపడిందా?" అంది మునిరత్నమ్మ.

"రాయి తగిలింటాది."

"రాయి కింద తగుల్తాది. ఇది లోపల."

అతను గేరు తగ్గించాడు. మెడ మీద చెమట పట్టింది. అప్పటికే పొద్దు నడినెత్తికి వస్తోంది. ఆ చెరుకు కుప్ప మీద కూడా ఇదే ఎండ పడుతూ ఉంటుంది. మూడో వంక నడుమ, జీపు బండరాయి ఎక్కి వాలినప్పుడు, పోత ఇనుము పగిలిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఫ్యాను రెక్క రేడియేటరును గీకడం మొదలుపెట్టింది. గురప్ప ఇంజను ఆపేశాడు.

బానెట్టు ఎత్తాడు. ఇంజను ఎడమకాలు బోల్టుల పక్కనే విరిగి ఉంది. బోల్టులు మాత్రం బిగించినచోటే బిగించినట్టున్నాయి. ఒక్కటీ వదులు కాలేదు. అతను వాటిని ఒక్కొక్కటిగా వేలితో తాకి చూశాడు.

"ఇంకెంత దూరం?"

"మైలున్నర."

"తిరిగిపోదామా?"

"తిరిగిపోయేదానికీ ఇదే వంక దాటాల" అన్నాడు. తర్వాత, ఆమె వైపు చూడకుండా, "వాడు సెప్పినాడు. నేనే ఇనలా" అన్నాడు.

రబ్బరు కావాలి. వంకలో రాళ్లు తప్ప ఏమీ లేవు. టైర్లు నాలుగే, నాలుగూ కావలసినవే. మునిరత్నమ్మ అతని కాళ్ల వైపు చూసింది. లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు, అరిగి అరిగి కూడా రెండు వేళ్ల మందం ఉన్నాయి. అతను కూడా కిందికి చూశాడు. చెప్పులు విప్పి, రంపం బ్లేడుతో ముక్కలు కోశాడు.

బోల్టులు ఊడదీసి, జాకీతో ఇంజనును బెత్తెడు లేపాడు. ఇంజను కుడికాలి కిందా, గేరుపెట్టె కిందా ఒక్కో ముక్క పెట్టాడు. విరిగిన వైపు చట్రం మీద, వెనక ఆయిల్ ఇంజను కింద వేసుకొచ్చిన కొయ్యదిమ్మెల్లో ఒకటి పెట్టి, పైన మిగిలిన ముక్కలు పరిచి, ఇంజనును దాని మీదికి దించాడు. ఎగిరిపడకుండా, ఆయిల్ ఇంజనును కట్టగా మిగిలిన మోకుతో మూడు చుట్లు కట్టాడు. ఇక బోల్టులు. స్పానరు చివరి చుట్టు దగ్గరికొచ్చేసరికి అతని చెయ్యి అలవాటుగా బిగువు కోరింది. ఆపుకున్నాడు. పైగా అర చుట్టు వెనక్కి వదులు చేశాడు.

ఇంజను తిప్పితే అది గంపలో కోడిలా అదిరింది. ఫ్యాను మాత్రం గీకలేదు. గురప్ప బానెట్టు మూసేశాడు. అది అదరడం చూస్తూ తోలడం తన వల్ల కాదన్నాడు. మైలున్నర దూరం మునిరత్నమ్మ చెవి ఒగ్గి కూర్చుంది. ప్రతి గుంతకూ అతను ఆమె ముఖమే చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. టిక్కుమనలేదు.

చెంగమ్మ గానుగ దగ్గర ఎదురొచ్చి ముందు తమ్ముడి కాళ్లే చూసింది.

"ఒరే, సెప్పుల్లేకుండా వచ్చినావేమిరా?"

"ఉండాయి. లోపల ఉండాయి" అంది మునిరత్నమ్మ.

కూలివాళ్లతో కలిసి ఆయిల్ ఇంజను దించి, పాతదాని దిమ్మె మీద కూర్చోబెట్టి, బెల్టు తగిలించేసరికి పొద్దు వాలింది. ఈసారి గురప్ప బోల్టులను చివరి చుట్టు దాకా బిగించాడు. దిమ్మె మీద అగ్గిపెట్టె నిలబడింది. చెంగమ్మ కుప్ప పైన ఎండిన చెరుకును పక్కకు లాగేసి, అడుగునుంచి గెడలు తెచ్చి గానుగలో పెట్టింది. మొదటి రసాన్ని అరచేతిలో పట్టి నాలుకకు తాకించింది. గురప్ప ఆమె ముఖం నుంచి చూపు తిప్పలేదు. ఆమె ఇంకోసారి రుచి చూసింది.

"పైవి పోయినాయి. ఇయ్యి తియ్యగానే ఉండాయి" అంది. పొయ్యిలో మంట పెట్టమని కూలివాళ్లకు కేక వేసింది.

తర్వాత ఇంట్లోకి పోయి, చనిపోయిన భర్త చెప్పుల జత తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. అవీ టైరువే. గురప్ప వాటిని తిరగేసి బొటనవేలితో మందం నొక్కి చూశాడు. జీపు వైపు చూశాడు. ఆ మూడు వంకలూ రేపు మళ్లీ దిగాలి.

"ఇయ్యి ఇంజనుకు ఇంకా బాగుంటాయి" అన్నాడు.

"కాళ్లకేసుకో" అంది మునిరత్నమ్మ. "దిగేటప్పుడు నీతో కూడా పని ఉంటాది."

అతను వేసుకున్నాడు. ఒక కొలత పెద్దవి. లేచి జీపు దగ్గరికి పోయి, బానెట్టు ఎత్తి, కొయ్యదిమ్మెకు కట్టిన మోకును మరోసారి పట్టి చూశాడు.