కత్తెరమ్మ కొట్టేసిన నాలుగు చుక్కలు

మా వదినను ఆఫీసులో అందరూ కత్తెరమ్మ అనేవారు. ఉపగ్రహం రోజూ పంపే ఎక్స్‌రే కొలతల్లో తప్పులను ఏరి కొట్టేయడం ఆవిడ ఉద్యోగం. ముందురోజు కంటే మూడింతలు దాటితే పరికరం పొరపాటే. ఆ నియమం రాసిందీ ఆవిడే. మిగిలిన కొలతలను గోడకు అంటించిన గళ్ల కాగితం మీద పెన్సిలుతో చుక్కలుగా పెట్టేది. కంప్యూటరు గీసే గీత మీద ఆవిడకు నమ్మకం లేదు.

ఆవిడ కంటికి రెప్పలా చూసుకున్నది ఒక దూరపు గెలాక్సీని. దాని నడుమ కృష్ణబిలం. అందులోకి జారే వాయువు కాగి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. జారేది పెరిగితే వెలుగు ఎగరాలి, తగ్గితే కుంగాలి. ఇది మాత్రం ఆరేళ్లుగా గీత గీసినట్టు పడుకునే ఉంది. వదిన దానికి ‘మొద్దు’ అని పేరు పెట్టింది. పొద్దున్నే మా అన్నయ్యను లేపుతూ, “నీకంటే అదే నయం, కాస్తయినా వెలుగుతుంది” అనేది.

ఒక సోమవారం ఆఫీసరుగారు, “ఈ వారంతో దీన్ని చూడ్డం ఆపేద్దామమ్మా. ఆ సమయం ఇంకో గెలాక్సీకి ఇస్తాను” అన్నారు. వదిన రెండు రోజులు అన్నం కెలికి వదిలేసింది.

బుధవారం కొలత ఎనిమిదింతలు వచ్చింది. అలవాటుగా కొట్టేయబోయి ఆగింది. అదే చిత్రంలో పక్కనున్న నక్షత్రం నిన్న ఎంతో ఇవాళా అంతే. పరికరానికి పిచ్చెక్కితే దానికీ ఎక్కాలి కదా! కొట్టేసిన కొలతలు రాసి ఉంచిన పాత పుస్తకాలన్నీ తిరగేసింది. ఆరేళ్లలో నాలుగుసార్లు మొద్దు ఇలాగే ఎగిరింది. నాలుగుసార్లూ తనే కొట్టేసింది. నాలుగుసార్లూ పక్క నక్షత్రం ఉలకలేదు, పలకలేదు.

నేను అదే అంతస్తులో, ఆఫీసు పుస్తకాల గదిలో పనిచేసేదాన్ని. వదిన వసారాలో చెప్పులు లేకుండా పరిగెడుతూ కనిపించింది.

“ఏమైంది వదినా?”

“అది మొద్దు కాదే, నేనే మొద్దుని! లేచినప్పుడల్లా నెత్తిన మొట్టి పడుకోబెట్టాను!”

ఆఫీసరుగారు పుస్తకాలు చూసి తల పట్టుకున్నారు. “ఆరేళ్లమ్మా!”

“తిట్టడం తర్వాతండీ. ముందు చెప్పండి, ఆపుతారా?”

“ఇప్పుడెలా ఆపుతానమ్మా? రోజుకు రెండుసార్లు చూద్దాం.”

పాత చుక్కలు నాలుగూ పెట్టడానికి గళ్ల కాగితం ఎత్తు చాల్లేదు. పైన ఇంకోటి అంటించారు. ఐదోదైన ఆ రోజు చుక్క పైనున్న గోడ గడియారాన్ని కూడా దాటింది. వదిన కుర్చీ ఎక్కి, పెన్సిలు చాపి, నవ్వాపుకోలేక ఊగుతోంది.

“ఊగకమ్మా, చుక్క పక్కకు పోతుంది!” అంటూ ఆఫీసరుగారు రెండు చేతులా కుర్చీ పట్టుకున్నారు.